కమీషన్ లేని నొప్పి

చైర్మన్ విశ్వంభర్ వేదిక మెట్లు పరుగెత్తి ఎక్కాడు. అంత వయసు మనిషి అలా ఎక్కినప్పుడు చప్పట్లు కొట్టాలన్నది ఆ సంస్థలో ఎవరూ రాయని నియమం. హాలంతా కొట్టింది. ముందు వరుసలో ఉన్న డాక్టర్ కుముద మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది.

"ఒకప్పుడు నేను కర్ర లేకుండా అడుగు వేయలేకపోయేవాణ్ని," అన్నాడాయన మైకు పట్టుకుని. "కాలి బొటనవేలు నిప్పుల మీద పెట్టినట్టుండేది. ఇవాళ చూడండి! పొద్దున్నే ధ్యానం, రెండు పూటలా కొర్రన్నం. అంతే. మనసు గట్టిదైతే ఒళ్లు దానంతటదే మాట వింటుంది."

మళ్లీ చప్పట్లు. నొప్పి తీసే యంత్రాలతో బతికే సంస్థకు అధిపతి అయివుండి, కొర్రలు తింటే నొప్పి పోతుందని చెప్పడం మిఠాయి కొట్టు యజమాని ఉపవాసం గొప్పతనం చెప్పినట్టుందని కుముద అనుకుంది. అది కూడా సిగ్గు లేకుండా, నెయ్యి వాసన వేసే చేతులతో.

సంస్థ పేరు వ్యథాంతర. విశాఖలో సముద్రానికి ఎదురుగా కొండ వాలులో కట్టిన అద్దాల మేడ. అందులో ఉన్నవి జోడు కుర్చీలు. ఒక కుర్చీలో నొప్పితో ఉన్న మనిషి, పక్క కుర్చీలో ఆ నొప్పిని తీసుకోవడానికి ఒప్పుకున్న మనిషి. ఇద్దరి తలలకూ తీగలతో అల్లిన టోపీలు పెడతారు. కాసేపటికి ఈ ఒంట్లోని బాధ ఆ ఒంట్లోకి వెళ్లిపోతుంది. జబ్బు ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని బాధ మాత్రం ఆ రోజుకు పక్కవాళ్లది. మర్నాడు మళ్లీ వచ్చి కూర్చోవాలి. నొప్పిని చంపే విద్య ఎవరికీ చిక్కలేదు. ఒకరు దించుకోవాలంటే ఇంకొకరు ఎత్తుకోవాల్సిందే.

అయితే ఏ ఒంటి నొప్పి ఆ ఒంటి నాణెం. ఒకరికి చీమ కుట్టినట్టుండేది ఇంకొకరికి తేలు కుట్టినట్టు ఉంటుంది. అందుకని రెండు ఒళ్ల మధ్య రేటు కట్టాలి. నిద్ర చాలకపోతే ఆ రేటు మారుతుంది, జ్వరం తగిలితే మారుతుంది, కోపం వచ్చినా మారుతుంది. ఏ పూటకాపూట కొలవాలి. ఆ రేటు కట్టే సూత్రం కుముదది. యౌవనమంతా దాని మీదే ఖర్చు పెట్టింది. ఇప్పుడు ప్రతి గదిలోనూ గోడ మీద తెర వెలుగుతూ ఉంటుంది. పైన 'నేటి రేటు', కింద అంతకంటే పెద్ద అక్షరాలతో 'కమీషన్ లేదు'.

"ఇప్పుడు మన ఆదర్శ దంపతులు!" అన్నాడు విశ్వంభర్.

వేదిక మీదికి వచ్చింది కుముద చెల్లెలు హిమజ, ఆమె భర్త పైడిరాజు. హిమజకు దవడ నరం జబ్బు. ఆ బాధను రోజూ తీసుకుంటున్నది పైడిరాజు. అతను ప్రభుత్వ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఒకప్పుడు జిల్లా తరఫున కబడ్డీ ఆడినవాడు. అలాంటివాడు మెట్ల దగ్గర ఆగి, గోడ పట్టుకుని, కుడికాలు ఈడ్చుకుంటూ ఎక్కాడు.

"మాస్టారూ, మీరే కుంటితే పిల్లలకు లెఫ్ట్ రైట్ ఎవరు చెప్తారండీ?" అన్నాడు విశ్వంభర్ శాలువా కప్పుతూ. "కొర్రలు తినండి!"

హాలు విరగబడి నవ్వింది. పైడిరాజు కూడా మర్యాదకు నవ్వాడు. కుముద నవ్వలేదు. తన చెల్లెలి నొప్పి దవడలో ఉంది. మరి అతని కాలు ఎందుకు కుంటుతోంది?

ఆ సాయంత్రమే మద్దిలపాలెంలో ఉన్న చెల్లెలింటికి వెళ్లింది. హిమజ కిటికీ పక్కన కూర్చుని పెసరట్టు తింటోంది. ఆ దృశ్యం కుముదకు ఇంకా కొత్తే. జబ్బు ముదిరిన రోజుల్లో సముద్రపు గాలి చెంపకు తగిలితే చాలు, హిమజ కరెంటు తీగ పట్టుకున్నట్టు విలవిల్లాడేది. విశాఖలో ఉంటూ గాలికి భయపడి బతకడమంటే ఏం చెప్పాలి! కిటికీలన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, చీకటింట్లో కూర్చునేది. పాఠం చెప్పలేక తెలుగు టీచరు ఉద్యోగం మానేసింది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా డాబా పిట్టగోడ దాకా వెళ్లింది. పైడిరాజు వెనకే వెళ్లి నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. మర్నాడే ఇద్దరూ జోడు కుర్చీల్లో కూర్చున్నారు.

"రాజూ, ఆ కాలికి ఏమైంది?" అంది కుముద.

"ఏటీ లేదు వదినా. గ్రౌండులో బెణికినట్టుంది."

"ఎప్పుడు బెణికింది?"

అతను నీళ్ల చెంబు అందుకున్నాడు. హిమజ ప్లేటు పక్కన పెట్టింది. "నేను చెప్తాను అక్కా. కుర్చీ ఎక్కడం మొదలెట్టిన కొన్నాళ్లకి వచ్చింది. కుర్చీలోంచి దిగగానే మొదలవుతుంది. నా దవడ పోటు ఆయనకి దవడలోనే తెలుస్తుంది. దాంతోపాటు కాలి వేలు సలపరం. వ్యథాంతరలో అడిగితే రేటు పెరిగిందన్నారట."

"రేటు పెరిగితే దవడ ఇంకా నొప్పి పెట్టాలి. కాలికి ఎందుకు పోతుంది?"

"అలగే అడిగీసాను నాను కూడా," అన్నాడు పైడిరాజు. "టెన్షన్ వల్ల ఒక్కోడికి అలగ అవుద్దంట. నువ్వు కట్టిన లెక్కే కదేటి వదినా, తప్పెందుకు ఉంటాదని ఊరుకున్నాను."

ఆ చివరి మాట కుముదకు పంటి కింద రాయిలా తగిలింది.

మర్నాడు సూత్రాన్ని మొదటినుంచీ సరిచూసుకుంది. ఎక్కడా తప్పు లేదు. యంత్రాలు చూసే విభాగాన్ని అడిగితే, 'ప్రస్తుతం నడుస్తున్న రేటు పద్ధతి వ్యాపార విభాగం దగ్గర ఉంది, మేడమ్' అన్నారు. తన సూత్రం వ్యాపార విభాగం దగ్గరికి ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియదు. ఈలోగా సింగపూర్లో సదస్సు వచ్చిపడింది. ఆమె వెళ్లక తప్పలేదు.

వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో, అద్దం వెనక కూర్చున్న అమ్మాయి దగ్గర రూపాయలిచ్చి సింగపూర్ డాలర్లు తీసుకుంది. సదస్సువాళ్లే తిండీ తిప్పలూ చూసుకోవడంతో తీసుకెళ్లిన డబ్బు తీసుకెళ్లినట్టే మిగిలింది. తిరిగొచ్చాక అదే అద్దం దగ్గర, అదే అమ్మాయికి ఇచ్చి రూపాయలు అడిగింది. చేతిలో పడిన నోట్లు చూస్తే ఇచ్చినదానికి బాగా తక్కువ.

"కమీషన్ లేదని రాశారు కదమ్మా?"

"లేదండి మేడమ్. ఒక్క రూపాయి కూడా పట్టుకోలేదు."

"మరి తగ్గిందేం? డాలరు ధర మొన్నెంతో ఇవాళా అంతే. ఫోన్లో చూశాను."

ఆ అమ్మాయి ఓపిగ్గా బోర్డు వైపు చూపించింది. కొనే ధర ఒకటి, అమ్మే ధర ఒకటి. ఫోన్లో కనిపించే ధర ఆ రెండింటికీ మధ్యన ఎక్కడో ఉంది. "కమీషన్ వేరేగా ఉండదండి," అంది. "రేటే అంత."

కుముద కదలకుండా నిలబడింది. వెనకున్నాయన విసుక్కుంటున్నా వినిపించలేదు. ఈ రెండు ధరల మధ్య సందులో ఎవరో హాయిగా కాపురం ఉంటున్నారు. అద్దె అడిగితే, అబ్బే, ఇక్కడ ఇల్లే లేదంటారు. వెళ్లేటప్పుడు మాత్రమే చూసుకునేవాడికి ఈ సంగతి జన్మలో తెలియదు. వెళ్లి, ఏమీ ఖర్చు పెట్టకుండా, వెళ్లిన దారినే తిరిగొస్తే తెలుస్తుంది. రేట్ల మీద డాక్టరేటు తీసుకున్న తనకు ఈపాటి ఆలోచన రానందుకు ముందు తనమీదే రోత పుట్టింది. ఆ రోత ఎక్కువసేపు తనమీద నిలవలేదు. దానికి తగిన మనిషి కొండమీద ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న కుర్చీ వేళకు ముందే పైడిరాజును ప్రయోగశాలకు రమ్మంది. నిన్న తీసుకున్న బాధ అప్పటికి తేలిపోయి అతని ఒళ్లు తేటగా ఉంది. కాలు కూడా మామూలుగానే ఉంది.

"ఇవాళ నీ నొప్పి కాదు, నాది," అంటూ కుముద పొగలు కక్కుతున్న కాఫీ గ్లాసును అరచేత్తో గట్టిగా పట్టుకుంది.

"వదినా! చెయ్యి కాలిపోద్ది!"

"కాలాలి."

అరచెయ్యి ఎర్రగా కందింది. ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు. తెర మీద రేటు వెలిగింది. మీట నొక్కగానే కుముద చేతిలో మంట ఆరిపోయింది. పైడిరాజు తన అరచెయ్యి విదిలించుకున్నాడు. వెంటనే కుడికాలు పైకి లాక్కుని, "ఇదిగో, వచ్చీసింది. ఇదే వేలు," అన్నాడు.

"ఇప్పుడు వెనక్కి పంపు. నా మంట నాకు ఇచ్చెయ్."

మీట రెండోవైపు తిప్పింది. రేటు సరైనదైతే ఇచ్చినంతే తిరిగి రావాలి. అరచేతి మంట వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. కుడికాలి బొటనవేలి కణుపులోకి ఎవరో ఎర్రగా కాల్చిన మేకు దింపుతున్నట్టు. పైన చెప్పు పట్టీ ఆనినా భరించలేనంత. కుముద కెవ్వుమని చెప్పు విసిరేసింది. జన్మలో ఆమెకు కాలి వేలు నొప్పి పెట్టలేదు. పైడిరాజుకూ లేదు, హిమజకూ లేదు. ముగ్గురిలో ఎవరిదీ కాని నొప్పి ఆ గదిలో తిరుగుతోంది.

"ఇది నీది కాదేటి?" అన్నాడు పైడిరాజు తెల్లబోయి.

"నాదీ కాదు, నీదీ కాదు. మనతోపాటు ఇంకెవరో ఈ తీగల్లో కూర్చున్నారు రాజూ."

వేళ్లాడే తీగల వెంట కళ్లు పైకి పోనిచ్చింది. కప్పులోంచి ఒక నల్లటి కేబులు పై అంతస్తుకు వెళ్తోంది. కట్టేటప్పుడు తన నక్షాలో అది లేదు. కుముద విసిరేసిన చెప్పు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ మెట్లెక్కింది. ఎక్కుతుంటే అర్థమయ్యింది, ఇన్నాళ్లూ పైడిరాజు ఏ కాలితో పిల్లల చేత పరుగులు పెట్టించాడో.

పై అంతస్తులో ఉన్నది చైర్మన్ గారి ధ్యాన మందిరం. బయట తామరపువ్వు బొమ్మ, నిశ్శబ్దం పాటించండన్న పలక. తలుపు తోసింది. లోపల అగరొత్తుల వాసన. మెత్తటి తోలు కుర్చీలు వరసగా ఉన్నాయి. వాటి నిండా నగరంలోని పెద్దలు, తలలకు తీగల టోపీలు, ముఖాల మీద పసిపిల్లల నిద్ర. ఒకాయనకు మూత్రపిండాల్లో రాయని ఊరంతటికీ తెలుసు. ఇంకొకామె భుజం సంగతి పత్రికల్లో వచ్చింది. నడిమి కుర్చీలో విశ్వంభర్ కుడికాలు మెత్త మీద చాపుకుని, కళ్లు మూసుకుని, చిరునవ్వు నవ్వుతున్నాడు. ఇదీ ఆయన ధ్యానం. ఇవీ ఆయన కొర్రలు.

"చాలా లోతుగా వెళ్లినట్టున్నారు," అంది కుముద. "నేను మీ వేలు పట్టుకుని వచ్చాను చైర్మన్ గారూ."

ఆయన కళ్లు తెరిచాడు. ఆమె ఒంటికాలిమీద నిలబడటం చూశాడు. సిగ్గుపడతాడేమోనని ఆమె ఒక్క క్షణం ఎదురుచూసింది. అలాంటిదేమీ జరగలేదు. టోపీ తీసి పక్కన పెట్టి, తన గదికి నడిపించి, కుర్చీ చూపించాడు.

"తెలివైనవారు. ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారని తెలుసు," అన్నాడు. "చూడండి, కింద కూర్చునే జనం దగ్గర పైసా తీసుకుంటున్నామా? లేదు. ఈ మేడ, ఈ యంత్రాలు, మీ జీతం ఎక్కడినుంచి వస్తున్నాయి? పైనున్న ఆ నలుగురి దగ్గర్నుంచి. వాళ్లకు నొప్పి పోవాలి. తీసుకోవడానికి వాళ్లింట్లో ఎవరూ రారు. అందుకని రేటులో చిటికెడు కలిపాం. ఒక్కొక్కరికి చిటికెడు. కూరలో చిటికెడు ఉప్పు ఎక్కువైతే ఎవరు కనిపెడతారమ్మా?"

"మా మరిదికి మీరు వేసింది చిటికెడు కాదు. దోసెడు."

"ఆటగాడి ఒళ్లు, తట్టుకుంటుందని మా వాళ్లు..." అని ఆగాడు. "అతను మీ మరిదా? వేదిక మీద శాలువా కప్పానే, ఆయనేనా?"

ఏడాదిగా తన కాలు మోస్తున్న మనిషి ఎవరో కూడా ఈయనకు తెలియదు. మోపించేటప్పుడు ముఖం చూడాల్సిన అవసరం లేని పద్ధతి కదా ఇది! కుముదకు కోపం రాలేదు. పులిసిన పాలు ముక్కు దగ్గర పెట్టుకున్నట్టయింది.

"అడిగి తీసుకోవచ్చు కదా?"

"అడిగితే ఎవరిస్తారు?"

"ఇవ్వరేమో. అడగడం అందుకే కదా."

విశ్వంభర్ నవ్వాడు. ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "మీ చెల్లెల్ని పైకి పంపండి. ఆమెకు ఒక కుర్చీ వేయిస్తాను, జీవితాంతం. ఆమె దవడ నొప్పి కింద ఊరందరికీ పలచగా సర్దేద్దాం. మీ మరిది హాయిగా కబడ్డీ ఆడుకుంటాడు. మీకు కావాల్సిందీ అదేగా?"

ఆ మాటకు జవాబు వెంటనే రాలేదు. అందుకు ఆమెకు తర్వాత చాలాసార్లు తనమీద అసహ్యం వేసింది. డాబా పిట్టగోడ కళ్లముందు కదిలింది. చెప్పు చేత్తో పట్టుకుని, ఏమీ అనకుండా లేచి వచ్చేసింది.

ఇంటికెళ్లి ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. పై కుర్చీ సంగతి కూడా దాచలేదు. పైడిరాజు గది ఈ మూలనుంచి ఆ మూలకు తిరుగుతూ ఊగిపోయాడు. ఉద్యోగంలో చేరాక బడి కోసం నేర్చుకున్న ఆ కాస్త మెత్తటి భాష కూడా ఆ కోపంలో ఎటో పోయింది.

"దీని నొప్పయితే చచ్చీదాకా మోత్తాను వదినా. నా పెళ్లాం అది. ఆడెవడు? ఆడికి నానేటి కావాలి? ఆడి కాలు నాను మోత్తంటే, అందరి ముందర నన్నే కుంటోడని నవ్వుతాడా?"

"నువ్వేమంటావు హిమా?" అంది కుముద. "నేను ఆ కలిపిన చిటికెడు తీసేస్తే కేంద్రం మూసేస్తారు. కుర్చీ ఉండదు. మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేను. నీకు మళ్లీ ఆ రోజులే."

హిమజ తెరిచి ఉన్న కిటికీ వైపు చూసింది. గాలికి ఆమె జుట్టు చెంప మీద పడింది. దాన్ని మెల్లగా చెవి వెనక్కి తోసుకుంది.

"ఈ ఏడాదిగా నేను గాలి పీల్చుకుంటున్నానని మురిసిపోయాను," అంది. "ఆయన కుంటుతుంటే మందు రాశాను గానీ, ఎవడి జబ్బుకి రాస్తున్నానో తెలీదు. ఇప్పుడు నన్ను పైకెక్కమంటున్నారు. ఎక్కితే కింద ఇంకో ఇంట్లో ఇంకో ఆడది తన మొగుడి దవడకి మందు రాస్తూ ఉంటుంది, అది నా నొప్పని తెలీక. అంత దొంగ బతుకు నాకెందుకక్కా? తీసెయ్."

"భరించగలవా?"

"భరించలేను. అయినా తీసెయ్."

తెల్లవారాక కుముద మామూలుగానే పనికి వెళ్లింది. నిన్న ఆమె ఏమీ అనకుండా లేచి రావడాన్ని విశ్వంభర్ అంగీకారంగానే లెక్కవేసుకుని ఉంటాడు. అందరికీ ధర కట్టినవాడికి ఆమె ధర దొరికిందనుకోవడంలో వింతేముంది? అందుకే ఎవరూ ఆమెను ఆపలేదు. కింద గదులన్నీ జంటలతో నిండాయి. పైన ధ్యానం మొదలైంది. కుముద యంత్రంలోకి వెళ్లి, తన సూత్రానికి తోకలా అతికించిన ఆ కలుపును తీసేసింది. ఇక ఇచ్చినంతే వెళ్తుంది, వెళ్లినంతే తిరిగొస్తుంది. మధ్యలో సందు లేదు.

కింద గదుల్లో ఏమీ జరిగినట్టు కనబడలేదు. కొందరు మాత్రం కాళ్లు, భుజాలు తడిమి చూసుకుని, ఇవాళ తేలిగ్గా ఉందే అని ఆశ్చర్యపోయారు. పై అంతస్తులోంచి మాత్రం కేక వినిపించింది. తర్వాత ఇంకోటి. నిశ్శబ్దం పాటించండన్న పలక వెనకనుంచి నగరంలోని పెద్దలందరూ అమ్మా, బాబూ అంటూ అరవసాగారు. నిన్నటిదాకా మూటగట్టి ఇతరుల నెత్తిన పెట్టింది ఒక్కసారిగా సొంత ఇంటికి తిరిగొచ్చింది. విశ్వంభర్‌ను ఇద్దరు పట్టుకుని మెట్లు దించారు. మెట్ల మీద కుముదను చూసి ఆయన అన్న మాటలు కొర్రన్నం తినేవాళ్ల నోట రాకూడనివి.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. యంత్రాలు పాడుచేసిందని కేసు పెట్టారు. ఆమె పత్రికల వాళ్లను పిలిచి, కాఫీ గ్లాసుతో చెయ్యి కాల్చుకుని, వెళ్లిన నొప్పి ఇంకొకరి నొప్పిని వెంటబెట్టుకుని ఎలా తిరిగొచ్చిందో అందరికీ విడమరిచి చెప్పింది. ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. కమిటీ టీలు తాగింది. ఈలోగా వ్యథాంతర వాళ్లు బోర్డు మార్చారు. 'కమీషన్ లేదు' బదులు 'పూర్తి పారదర్శకత' అని రాసి, కింద చీమ తలంత అక్షరాలతో 'సర్దుబాటు భారం వర్తిస్తుంది' అని పెట్టారు. దొంగతనానికి పేరు పెడితే అది నియమం అవుతుందని వాళ్ల నమ్మకం. కొన్నాళ్లు అది నిజమే అయింది కూడా. గత్యంతరం లేని జనం దాని కిందా వేలిముద్ర వేశారు. కానీ ఒక్కొక్కరే ఇంటికెళ్లి తమకు లేని జబ్బులతో మూలగడం మొదలుపెట్టాక, ఇది ఎవడిదని అడగడం నేర్చుకున్నారు. అడగడం మొదలైన రోజునుంచీ గదులు ఖాళీ అయ్యాయి.

హిమజ, పైడిరాజు మాత్రం మళ్లీ ఆ మేడ మెట్లెక్కలేదు. ఆ నెలల్లో హిమజ ఇంట్లో కిటికీలు మళ్లీ మూసుకున్నాయి. కుముద రోజూ వెళ్లి, చీకట్లో చెల్లెలి పక్కన కూర్చునేది. మాట్లాడితే దవడ కదలాలి గనక హిమజ మాట్లాడేది కాదు. అక్క చెయ్యి పట్టుకుని నొక్కేది, అంతే. నువ్వు చేసింది సరైనదేనని చెప్పడానికో, ఇక ఓర్చుకోలేనని చెప్పడానికో కుముదకు తెలిసేది కాదు. పైడిరాజు భార్య పక్కన నేలమీద పడుకుని, ఆమె నిద్రలో ఉలిక్కిపడ్డ ప్రతిసారీ లేచి కూర్చునేవాడు. ఎత్తుకుందామంటే దారి లేని బరువును చూస్తూ కూర్చోవడం మోయడంకంటే కష్టమని ఒకసారి వదినతో అన్నాడు.

చివరకు కమిటీ ఎలాగో కదిలింది. సంస్థకు తాళం వేసి యంత్రాలు స్వాధీనం చేసుకున్నారు. ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంటు ఒక మొండి మనిషి. ఆమె పోట్లాడి ఒక జత కుర్చీలు తెప్పించి, వరండా చివర గదిలో పెట్టించి, కుముదకు అప్పగించింది. అక్కడ గోడకు తెర లేదు. కుముద పెట్టిన నియమం ఒక్కటే. నొప్పి తీసుకునే మనిషిని ముందు ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతుంది. ఎవరి నొప్పి, ఎక్కడిది, ఎంత, ఎందుకు తీసుకుంటున్నావని. జవాబు నచ్చకపోతే పంపేస్తుంది.

హిమజ, పైడిరాజు కొత్త ఒప్పందం చేసుకున్నారు. సగం రోజులు ఆమెది, సగం రోజులు అతనిది. అంతా తీసుకుంటానని అతను, ఇవ్వనని ఆమె తగువు పడి అక్కడికి వచ్చి తేలారు. ఆమె మళ్లీ బడికి వెళ్తోంది, తన వంతు కాని రోజుల్లో.

ఒక ఉదయం ఆసుపత్రి ముందు పెద్ద కారు ఆగింది. కర్ర ఊతంగా విశ్వంభర్ దిగాడు. వరండా చివరిదాకా రావడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. వెంట డ్రైవరు ఉన్నాడు.

"తీసుకునే మనిషిని తెచ్చాను," అన్నాడు కుముదతో, ఆమె ముఖం చూడకుండా.

కుముద డ్రైవర్ని లోపలికి పిలిచి అడిగింది. "నీకు ఇష్టమేనా?"

"అయ్యగారు రమ్మన్నారండి."

"ఎందుకు రమ్మన్నారో చెప్పారా?"

"ఆసుపత్రికన్నారండి. నాకేటి తెల్దు."

కుముద బయటికి వచ్చింది. "ఇతను కాడు. ఇష్టపడి తీసుకునేవాళ్లను తీసుకురండి. ఇంట్లో ఎవరైనా ఉంటారు కదా?"

విశ్వంభర్ బల్ల మీద కూలబడి ఫోను తీశాడు. పెద్ద కొడుక్కు చేశాడు. మీటింగులో ఉన్నాడట. చిన్న కొడుక్కు చేశాడు. వాడు, "నాన్నా, కొర్రలు మానేశారా ఏంటి?" అని నవ్వి పెట్టేశాడు. కూతురు ఫోనే ఎత్తలేదు. ఆ తర్వాత పేర్ల వరుసలో వేలు పైకీ కిందికీ జరిపాడు గానీ ఎక్కడా నొక్కలేదు. ఊరందరి దగ్గరా అడక్కుండా తీసుకున్న మనిషికి, అడిగి తీసుకునే చోటు ఒక్కటీ కనబడలేదు. కుముద లోపలికి వెళ్లిపోయింది. ఆమెకు జాలి రాలేదు. రావాలని కూడా అనిపించలేదు.

అదే బల్లకు రెండో చివర పైడిరాజు కూర్చున్నాడు. లోపల హిమజకు కొలతలు తీస్తున్నారు. అతను విశ్వంభర్‌ను చూశాడు. ఆయన మాత్రం ఎప్పట్లాగే చూడలేదు. చెప్పు విప్పి, వాచిన వేలి మీద రుమాలు కప్పి, దవడ బిగబట్టి కూర్చున్నాడు.

"ఆ గుడ్డ తీసీయండి," అన్నాడు పైడిరాజు. "గుడ్డ తగిల్తే ఇంకా మండుద్ది. మడమ ఆనించి, వేలు గాల్లో ఉంచండి."

విశ్వంభర్ అనుమానంగానే రుమాలు తీశాడు. మడమ ఆనించాడు. కాస్త ఊపిరి ఆడింది.

"పొద్దున్నే పీకుద్ది. ఎండెక్కేసరికి తగ్గుద్ది," అన్నాడు పైడిరాజు. "మెట్లెక్కినప్పుడు ఎడం కాలు ముందెయ్యండి. దిగినప్పుడు కుడిది. అప్పుడు వేలి మీద బరువు పడదు."

ముగ్గురు బిడ్డల్లో ఒక్కరికీ, పెట్టుకున్న వైద్యుల్లో ఎవరికీ ఆ వేలి సంగతి అంత వివరంగా తెలియదు. విశ్వంభర్ మొదటిసారి తల తిప్పి అతని ముఖంలోకి చూశాడు. ఎక్కడా చూసినట్టు గుర్తు రాలేదు.

"అచ్చం నా నొప్పే చెప్తున్నావే! నీకూ ఉందా ఈ జబ్బు?"

లోపలినుంచి హిమజ పిలిచింది. పైడిరాజు లేచి, చొక్కా సర్దుకున్నాడు.

"ఉండేదండి," అన్నాడు. "తమరిదే."

అని లోపలికి నడిచి వెళ్లిపోయాడు.